వాణ్ణే అడగండి

మా చర్చికి సొంత గుడి లేదు. బెంగళూరులో రామమూర్తినగర్ అవతల ఒక స్కూలు హాలు అద్దెకు తీసుకుని ఆదివారం పొద్దున తెలుగు ఆరాధన జరుపుకుంటాం. మాకంటే ముందు తమిళంవాళ్ళు, మా తర్వాత కన్నడంవాళ్ళు. మధ్యలో పావుగంట టైము. పెద్దపిల్లల సండే స్కూలు నాది, యూకేజీ గదిలో. పదో తరగతి, పీయూసీ చదివే పిల్లలు ఆ బుల్లి కుర్చీల్లో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చుంటారు. తెలుగు గలగలా మాట్లాడతారు, చదవడం మాత్రం రాదు. నేను ఎంజీ రోడ్డులో బైబిల్ సొసైటీలో కొన్న నా పాత తెలుగు బైబిలు చదువుతుంటే వాళ్ళు ఫోన్లో ఇంగ్లిష్ చూసుకుంటారు.

పోయిన నెల వాళ్ళలో ఒకడు చెయ్యెత్తాడు. "ఆంటీ, నేను దేవుణ్ణి అని యేసయ్య తన నోటితో ఎక్కడన్నాడు? మా క్లాస్‌మేట్ అడిగాడు. ఒక్క వచనం చూపించు చాలు అన్నాడు."

నా దగ్గర జవాబు రెడీగా ఉంది. యోహాను 10:30. "నేనును తండ్రియును ఏకమైయున్నాము." ఠక్కున చదివేశాను. వాడు తల ఊపాడు గానీ మొహంలో వెలుగు రాలేదు.

"అది చూపించా ఆంటీ. ఏకం అంటే ఇద్దరూ ఒకే మాట మీద ఉన్నారని కూడా కావచ్చుగా అన్నాడు. పదిహేడో అధ్యాయంలో శిష్యులు కూడా ఏకం కావాలని ఆయనే ప్రార్థన చేశాడట."

ఎవడ్రా ఈ క్లాస్‌మేటు అనుకున్నాను. మా పిల్లలకంటే వాడే శ్రద్ధగా చదివినట్టున్నాడు. ఇంతలో కన్నడంవాళ్ళ గిటారు గుమ్మంలోకి వచ్చేసింది. వచ్చేవారం చెప్తా అని తప్పించుకున్నాను. అబద్ధమెందుకు, ఊపిరి పీల్చుకున్నాను.

ఇంటికి వెళ్ళేటప్పుడు మాత్రం సిగ్గేసింది. నేను వారానికి ఆరు రోజులు చేసే పని అదే మరి, ఒక మనిషి ఎవరో తేల్చడం. మారతహళ్ళిలో ఒక చిన్న ఆఫీసు. కంపెనీలు ఉద్యోగం ఇచ్చే ముందు క్యాండిడేట్ల వివరాలు మాకు పంపిస్తాయి. చదువు నిజమా, పాత ఉద్యోగం నిజమా, చెప్పిన ఇంట్లో ఉంటున్నాడా, ఫోన్లు చేసి, మనుషుల్ని పంపి, పక్కన రంగు వెయ్యాలి. గ్రీన్, అంబర్, రెడ్. పదకొండేళ్ళుగా ఇదే పని.

ఈ పనిలో చేరిన రోజు నేర్పే మొదటి సంగతి, క్యాండిడేట్ తన గురించి తాను చెప్పుకున్నది సాక్ష్యం కాదు అని. ఫారం ఎంత చక్కగా నింపినా సరే. పక్కన ఇంకొకరి మాట పడాలి. అలాంటప్పుడు "ఆయన తన నోటితో ఎక్కడన్నాడు" అని అడిగితే నేను ఒక్క వచనం కోసం పరుగెత్తడమేమిటి? మా ఆఫీసులో సెల్ఫ్ డిక్లరేషన్ కాగితాన్ని ఫైలు అడుగున పెడతాం.

ఆ రాత్రి యోహాను సువార్త మొదటి నుంచి పట్టుకున్నాను. ఐదో అధ్యాయం దగ్గర ఆగిపోయాను. "నన్ను గూర్చి నేను సాక్ష్యము చెప్పుకొనినయెడల నా సాక్ష్యము సత్యము కాదు" అని ఆయనే అంటున్నాడు. ఎన్నిసార్లు చదివి ఉంటానో, ఈ మాట ఇలా ఎప్పుడూ తగల్లేదు. ద్వితీయోపదేశకాండము 19:15లో ఉన్న రూలు అది. ఏ సంగతైనా ఇద్దరు ముగ్గురు సాక్షుల మాట మీద స్థిరపడాలి. ఆ రూలును ఆయన తోసెయ్యలేదు. తన తరఫున సాక్షులను వరుసగా చెప్పాడు. బాప్తిస్మమిచ్చిన యోహాను, తాను చేస్తున్న క్రియలు, తండ్రి, లేఖనాలు. రిఫరెన్సులు ఇస్తున్నాడే అని ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

ఆ రిఫరెన్సుల్లో మొదటివాడే తర్వాత తడబడ్డాడు, అది వేరే సంగతి. మత్తయి 11లో యోహాను జైల్లో ఉండి కబురు పంపుతాడు. రాబోయేవాడివి నువ్వేనా, మేము ఇంకొకరి కోసం చూడాలా అని. రిఫరెన్సు ఇచ్చిన మనిషే తిరిగి మనకు ఫోన్ చేసి అతను మంచివాడేనా అని అడిగినట్టు. అక్కడ కూడా ఆయన "అవును, నేనే" అనలేదు. వెళ్ళి మీరు విన్నవీ చూసినవీ చెప్పండి అన్నాడు. గుడ్డివాళ్ళు చూస్తున్నారు, కుంటివాళ్ళు నడుస్తున్నారు. ఇవి యెషయా 35లో దేవుడే వచ్చినప్పుడు జరుగుతాయని రాసి ఉన్న పనులు. జైల్లో ఉన్న ప్రవక్తకు ఆ మాట చాలు.

అడ్రస్ సంగతికొస్తే సువార్తల్లో మా డిపార్ట్‌మెంటే కనిపిస్తుంది నాకు. యోహాను ఏడో అధ్యాయంలో జనం గొడవ పడతారు, క్రీస్తు, అంటే రావలసిన రక్షకుడు, గలిలయ నుంచి వస్తాడా, బేత్లెహేము నుంచి కదా రావాలి అని. పర్మనెంట్ అడ్రస్‌కీ ప్రెజెంట్ అడ్రస్‌కీ కుదరని కేసు. ఇక నజరేతులో అయితే ఇరుగుపొరుగు అందరూ ఉన్నారు. వడ్రంగి పని చేసేవాడు కదూ, మరియ కొడుకు కదూ, తమ్ముళ్ళు ఫలానా ఫలానా కదూ అని మార్కు ఆరో అధ్యాయంలో అంటారు. ఒక్కటీ తప్పు కాదు. అన్నీ కరెక్టే. అన్నీ కరెక్టుగా చెప్పినవాళ్ళకే ఆయనెవరో అంతుపట్టలేదు.

ఇక్కడ నాది ఒక కేసు చెప్పాలి. చెప్పడానికి ఇష్టం లేదు.

కొన్నేళ్ళ కిందట అనంతపురం జిల్లా కుర్రాడి ఫైలొకటి వచ్చింది. ఇక్కడి వివరాలన్నీ సరిపోయాయి. పర్మనెంట్ అడ్రస్ ఒక పల్లె. మా మనిషి వెళ్ళి, బస్టాండు దగ్గర టీ కొట్లో సర్టిఫికెట్ మీదున్న పేరు చెప్పి అడిగాడు. అలాంటివాళ్ళు ఎవరూ లేరన్నారు. ఇంకో ఇద్దర్ని అడిగాడు. వాళ్ళూ అదే మాట. ఫోటో తీసి, టైము వేసి పంపించాడు. గడువు దగ్గర పడింది, నేను రెడ్ వేశాను.

నాలుగో రోజు ఎక్కడ నంబరు సంపాదించాడో ఆ కుర్రాడు నాకే ఫోన్ చేశాడు. "మేడమ్, నేనే మేడమ్. ఆ ఊళ్ళో ఉన్నది నేనే మేడమ్." అరవలేదు. మర్యాదగానే మాట్లాడాడు. ఒకటో తరగతిలో మేష్టారు రాసిన పేరు ఒకటి, బాప్తిస్మం పేరు ఒకటి. ఇంటి దగ్గర అందరికీ ఆ రెండోదే తెలుసు. మా మనిషి ఊళ్ళో అడిగాడు, పేటలో అడగలేదు. రోడ్డు దాటి వంద గజాలు నడిస్తే వాళ్ళమ్మే గుమ్మంలో కూర్చుని ఉండేదట.

నాకూ రెండు పేర్లున్నాయి. మాదీ ఒంగోలు పక్క ఒక పేటే. అన్నీ తెలిసుండీ అడగవలసిన ప్రశ్న అడగలేదు. ఫైలు మార్చి గ్రీన్ వేసేసరికి ఆ సీటు ఇంకొకరికి వెళ్ళిపోయింది. ఆ కుర్రాడి మొహం నేను ఎప్పుడూ చూడలేదు. గొంతు మాత్రం ఇప్పటికీ గుర్తుపడతాను.

అందుకే కాబోలు ఆ వారం యోహాను తొమ్మిదో అధ్యాయం నన్ను వదల్లేదు. పుట్టుగుడ్డి కథ. ఈ కథను చిన్నప్పటి నుంచి అద్భుతం అనే చదివాను. నిజానికి అద్భుతం ఏడు వచనాల్లో అయిపోతుంది. యేసు నేల మీద ఉమ్మేసి, బురద చేసి, వాడి కళ్ళకు పూసి, సిలోయము కోనేటికి వెళ్ళి కడుక్కో అంటాడు. వాడు వెళ్తాడు, కడుక్కుంటాడు, చూపుతో వస్తాడు. (ఆ కోనేటి మెట్లు 2004లో యెరూషలేములో మురుగునీటి పైపు బాగు చెయ్యబోతుంటే బయటపడ్డాయి.) మిగతా ముప్పై నాలుగు వచనాలూ ఎంక్వయిరీయే.

మొదట ఇరుగుపొరుగు. అడుక్కునేవాడు వీడే కదా అని కొందరు, కాదు, వాడిలా ఉన్నాడంతే అని కొందరు. రోజూ చూసే మనిషిని గుర్తుపట్టలేకపోతున్నారు. కూర్చుని ఉండే మనిషి నిలబడేసరికి పోలిక తప్పింది. వాడంటాడు, "నేనే." మా కుర్రాడి ఫోను గుర్తొచ్చి అక్కడ కాసేపు బైబిలు మూసేశాను.

ఆ "నేనే" గ్రీకులో "ఎగో ఎయిమి". దానికి ముందు అధ్యాయం చివర్లో యేసు "అబ్రాహాము పుట్టకమునుపే నేను ఉన్నాను" అన్నప్పుడు కూడా అవే రెండు మాటలు. కొంతమంది బోధకులు ఆ రెండు మాటలు వినిపిస్తే చాలు, దేవుడని రుజువైపోయిందంటారు. అంత తొందర పనికిరాదు. బిచ్చగాడు కూడా అదే మాట అన్నాడు, ఎవరూ రాయి తియ్యలేదు. ఎనిమిదో అధ్యాయంలో మాత్రం దేవదూషణ చేశాడని ఆయన్ని కొట్టడానికి రాళ్ళు తీశారు. తేడా "అబ్రాహాము పుట్టకమునుపే" అన్న మాటలో ఉంది. విన్నవాళ్ళకు ఏమర్థమైందో వాళ్ళ చేతుల్లో రాళ్ళే చెబుతున్నాయి. యోహాను ఈ రెండు "నేనే"లను పక్కపక్కనే ఎందుకు పెట్టాడో నాకు ఇన్నేళ్ళకు తోచింది. ఆ ఎంక్వయిరీ ఒక్కరి గురించి కాదు, ఇద్దరి గురించి. బిచ్చగాడెవరు, వాడి కళ్ళు తెరిచినవాడెవరు.

నన్ను అసలు కుదిపింది ఇంకొకటి. కళ్ళు వచ్చేసరికి యేసు అక్కడ లేడు. వాడు కళ్ళు తెరిచింది కోనేటి దగ్గర. అంటే ఎవరి గురించి వాణ్ణి నిలదీస్తున్నారో, ఆ మనిషి మొహం వాడికి తెలియదు. గొంతు విన్నాడు, వేలు తగిలింది, అంతే. సాక్షి తాను సాక్ష్యం చెప్పే మనిషిని చూడనే లేదు.

అయినా వాడి మాట చూడండి. మొదట "యేసు అనే ఒక మనిషి" అంటాడు. ఎక్కడున్నాడంటే తెలియదంటాడు. పరిసయ్యులనే మతపెద్దలు అడిగితే "ప్రవక్త" అంటాడు. రెండోసారి పిలిచి, ఆ మనిషి పాపి అని మాకు తెలుసు అని ముందే జవాబు నింపేసి సంతకం పెట్టమన్నట్టు అడుగుతారు. అప్పుడు అంటాడు: "ఆయన పాపియో కాడో నేనెరుగను, ఒకటి మాత్రము నేనెరుగుదును. నేను గ్రుడ్డివాడనైయుండి ఇప్పుడు చూచుచున్నాను." మళ్ళీ మళ్ళీ అడిగితే విసుగొచ్చి, ఇందాకే చెప్పాగా, మీరూ ఆయన శిష్యులవుదామనుకుంటున్నారా ఏమిటి అని ఎదురు వేస్తాడు. చివరికి, దేవుని దగ్గర నుంచి రాకపోతే ఆయన ఇదేమీ చెయ్యలేడు అనేస్తాడు.

స్టేట్‌మెంట్ మారుతూ పోతే మా దగ్గర రెడ్. కానీ మామూలుగా అది ఎటు మారుతుందో నాకు తెలుసు, కిందికే. ఫారంలో "టీమ్ లీడ్" అని ఉంటుంది. పాత ఆఫీసుకు ఫోన్ చేస్తే "టీమ్ మెంబర్" అవుతుంది. ఇంకోసారి గట్టిగా అడిగితే ఆరు నెలల కాంట్రాక్టు అని తేలుతుంది. నిలదీసేకొద్దీ మనిషి తగ్గుతాడు. వీడు నిలదీసేకొద్దీ పెరిగాడు. పైగా ఏం జరిగిందన్నది మొదటి నుంచి చివరిదాకా ఒక్క అక్షరం మారలేదు. బురద పూశాడు, కడుక్కున్నాను, చూస్తున్నాను. మారిందల్లా, పూసింది ఎవరన్నదే.

మధ్యలో తల్లిదండ్రుల వాంగ్మూలం ఉంది. అది చదివి పగలబడి నవ్వాను. వీడు మా కొడుకే, గుడ్డివాడుగానే పుట్టాడు, ఆ రెండూ నిజమే. ఎలా చూస్తున్నాడో మాకు తెలియదు, ఎవరు తెరిచారో అదీ తెలియదు. వయసొచ్చినవాడు, వాణ్ణే అడగండి. రోజూ వినే మాటే ఇది! ఏ హెచ్ఆర్‌కు ఫోన్ చేసినా చేరిన తేదీ, వెళ్ళిన తేదీ చెప్పి, మిగతాది మా పాలసీ ఒప్పుకోదండీ, ఆయన్నే అడగండి అంటారు. నవ్వాక ఆ కింది వచనం చదివితే నవ్వు ఆగిపోయింది. యేసే క్రీస్తు అని ఒప్పుకుంటే సమాజమందిరం నుంచి వెలివేస్తారని భయపడి అలా అన్నారట. కన్నవాళ్ళు, కొడుక్కి చూపొచ్చిన రోజున, సంతోషపడ్డామని కూడా చెప్పలేకపోయారు.

కొడుకు మాత్రం చెప్పాడు. "వాని వెలివేసిరి" అని ఉంది మన తెలుగు బైబిల్లో. ఇంగ్లిష్‌లో ఈ మాట చప్పగా ఉంటుంది. వెలి అనే మాట మా ఇళ్ళల్లో ఎవరికీ అర్థం చెప్పనక్కర్లేదు. వెలివేశారని విని యేసు వాణ్ణి వెతుక్కుంటూ వచ్చాడు. అప్పుడు చూశాడు వాడు ఆ మొహాన్ని, మొదటిసారి. చూసి మొక్కాడు. ఆయన వద్దనలేదు.

నా జవాబు అక్కడ దొరికింది. అపొస్తలుల కార్యాలు పదో అధ్యాయంలో కొర్నేలీ అనే రోమా శతాధిపతి కాళ్ళ మీద పడితే పేతురు వెంటనే లేపి, నేనూ మనిషినే అంటాడు. లుస్త్రలో జనం దేవుళ్ళని మొక్కబోతే పౌలు, బర్నబా బట్టలు చించుకుంటారు. ప్రకటన గ్రంథం చివర్లో యోహాను దేవదూత ముందు సాగిలపడితే ఆ దూత కూడా వద్దు, దేవునికే మొక్కు అంటాడు. భక్తి ఉన్న ఏ యూదుడైనా అదే చేస్తాడు, చెయ్యాలి. ఈయన ఒక్కడే వద్దనలేదు. పుట్టుగుడ్డి విషయంలో వద్దనలేదు, తర్వాత శిష్యుడు తోమా "నా ప్రభువా, నా దేవా" అన్నప్పుడూ వద్దనలేదు. నోటితో అన్న మాటను ఇలాగా అలాగా అర్థం చెప్పుకోవచ్చు. వద్దనకపోవడాన్ని ఎలా అర్థం చెప్పుకుంటాం?

తర్వాతి ఆదివారం ఈ అధ్యాయమే చదివించాను. ముందుగా ఫోన్లో ఒక బొమ్మ చూపించాను. మాంచెస్టర్‌లో జాన్ రైలాండ్స్ లైబ్రరీలో ఉన్న పపైరస్ (రెల్లు మొక్కతో చేసే పాతకాలపు కాగితం) ముక్క, అరచేతిలో పట్టేంత ఉంటుంది. యోహాను సువార్త రెండో శతాబ్దపు ప్రతిలోదని పండితులు ఎక్కువమంది అంటారు. ముందు వైపు, రోమా అధిపతి పిలాతు యేసును పిలిచి యూదుల రాజువు నీవేనా అని అడిగే చోటు. వెనక వైపు, సత్యాన్ని గురించి సాక్ష్యమివ్వడానికే పుట్టాను అనే చోటు. అంచులు చిరిగిపోయాయి. "సాక్ష్యమివ్వడానికి" అనే గ్రీకు మాటలో మొదటి సగమే మిగిలింది. పిల్లలు ఫోను చేతులు మార్చుకుని పెద్దది చేసి చూశారు. ఒకమ్మాయి, ఇది మా ఆధార్ కార్డు లామినేషన్ లేనప్పుడు ఇలాగే అయింది ఆంటీ అంది. సరే.

చదువుతూ 35వ వచనం దగ్గరికి వచ్చాం. "నీవు దేవుని కుమారునియందు విశ్వాసముంచుచున్నావా" అని నేను చదవగానే ప్రశ్న అడిగినవాడే ఆపాడు. "ఆంటీ, నా దాంట్లో మనుష్యకుమారుడు అని ఉంది." నిజమే. మిక్కిలి పాత రాతప్రతుల్లో మనుష్యకుమారుడు అనే ఉంది. మన తెలుగు తర్జుమా తర్వాతి ప్రతుల్ని బట్టి చేసింది. దాచి లాభం లేదని ఉన్నదున్నట్టు చెప్పాను. వాడి మొహం వాడిపోయింది. అంటే తగ్గినట్టే కదా, మనుష్యుడే కదా అన్నాడు. దానియేలు ఏడో అధ్యాయం తీయించాను. మేఘాల మీద మనుష్యకుమారుని వంటి ఒకడు వస్తాడు, సకల జనులు, ఆ యా భాషలు మాట్లాడేవాళ్ళు ఆయన్ని సేవిస్తారు, ఆయన రాజ్యానికి అంతం లేదు. ప్రధానయాజకుడి ముందు యేసు ఈ మాటే అంటే ఆ యాజకుడు ఇది దేవదూషణ అని బట్టలు చించుకున్నాడు, మార్కు 14లో. తగ్గింపు మాటైతే బట్టలు ఎందుకు చించుకుంటాడు? వాడు ఫోన్లో ఆ వచనాలు రెండుసార్లు చదువుకున్నాడు, పెదాలు కదుపుతూ.

ఈ ఆదివారం హాలు గుమ్మం దగ్గర కనిపిస్తే, మీ ఫ్రెండ్ ఏమన్నాడ్రా అని అడిగాను.

"ఒప్పుకోలేదు ఆంటీ. ఆలోచిస్తా అన్నాడు. కానీ ఆ అమ్మానాన్నల దగ్గర భలే నవ్వాడు. మా ఇంట్లో కూడా ఇంతే అన్నాడు. తర్వాత ఏమైందో నువ్వే చదువు అంటే, పదో అధ్యాయం వాడే తీశాడు."

పదో అధ్యాయంలో గొర్రెలు కాపరిని గొంతు బట్టి గుర్తుపడతాయి. వచ్చేవారం మేమూ అదే చదువుతున్నాం. ఆ క్లాస్‌మేట్ మాకంటే వారం ముందున్నాడు.